వెంబ్లీ గోలు

ఇంగ్లండు దేశమునకు రాజధానియగు లండను నగరమున వాయవ్యభాగమందు వెంబ్లీ యను ప్రదేశము కలదు. 1923వ సంవత్సరమున అచ్చట నొక గొప్ప క్రీడామందిరము నిర్మింపబడెను. రెండు తెల్లని గోపురములతో దూరమునకు సైతము కనబడుచుండిన ఆ కట్టడము ఇప్పుడు లేదు. దానిని పడగొట్టి, ఆ స్థలముననే 2007లో క్రొత్తదానిని తెరచిరి. కాని పాత మైదానమున 1966వ సంవత్సరము జూలై 30వ తేదీనాడు జరిగిన యొక ఫుట్‌బాలు ఆటను గూర్చిన వాదము మాత్రము ఆ కట్టడముతోపాటు కూలిపోలేదు. ఆనాడు ఆటను కన్నులార చూచినవారిలో అనేకులు కాలధర్మము నొందిరి. వారి మనుమలు నేటికిని వాదించుకొనుచున్నారు.

ఆనాటిది ప్రపంచ కప్పు తుది పోటీ. ఒకవైపు ఆతిథ్యమిచ్చిన ఇంగ్లండు జట్టు, మరియొకవైపు పశ్చిమ జర్మనీ జట్టు. జర్మనీ దేశము అప్పుడు రెండు రాజ్యములుగా చీలియుండెను. 1990లో గాని అవి మరల ఏకము కాలేదు. ఇంగ్లండువారును జర్మనులును అంతకు ఇరువదియొక్క సంవత్సరముల క్రిందటివరకు ఘోరయుద్ధము చేసినవారు. మైదానమున దిగిన ఆటగాండ్రలో అనేకులు ఆ యుద్ధకాలమున చిన్న పిల్లలు. గ్యాలరీలలో కూర్చున్న వారిలో మాత్రము ఆ యుద్ధమున పోరాడి వచ్చినవారు లేకపోలేదు. ఆటను ఆటగానే చూడవలెనని ఎవరెంత చెప్పినను, అట్టి నేపథ్యమున నొక చిన్న సందేహము కలిగినచో అది ఎంత పెద్దదగునో ఊహింపవచ్చును.

ఆట చూచుటకు 96,000 మందికి పైగా జనులు వచ్చిరి. పండ్రెండవ నిమిషమున హెల్ముట్ హాలర్ జర్మనీ పక్షమున తొలి గోలు చేసెను. ఆరు నిమిషములు గడచునప్పటికి ఇంగ్లండు నాయకుడు బాబీ మూర్ కొట్టిన బంతిని జెఫ్ హర్స్ట్ అను యువకుడు తలతో గోలులోనికి పంపి లెక్క సమము చేసెను. పిమ్మట చాలసేపు ఎవరికిని గోలు దొరకలేదు. 78వ నిమిషమున మార్టిన్ పీటర్స్ గోలు చేయగా ఇంగ్లండువారికి ఆధిక్యము కలిగెను. ఇంకను కొలది క్షణములు నిలద్రొక్కుకొన్నచో కప్పు వారిదే.

అప్పుడు రిఫరీ జర్మనులకొక ఫ్రీ కిక్కు ఇచ్చెను. ఆ తప్పిదము ఇంగ్లండు ఆటగాడైన జాక్ చార్ల్‌టన్‌ది కాదనియు, జర్మను ఆటగాడే అతనిపైకి వంగెననియు ఇంగ్లండువారు నొచ్చుకొనిరి. కొట్టిన బంతి గుంపులో అటునిటు తగులుచు, ష్నెల్లింగర్ అను జర్మను ఆటగాని దేహమునకు తాకి ప్రక్కకు దొరలెను. వోల్ఫ్‌గాంగ్ వేబర్ దానిని గోలులోనికి నెట్టెను. బంతి ష్నెల్లింగర్ చేతికి తగిలెనని ఇంగ్లండువారు కేకలు వేసిరి. వీపునకు తగిలెనని జర్మనులు చెప్పిరి. రిఫరీ గోలు ఇచ్చెను. అది 89వ నిమిషము. ఈ గోలును గూర్చి ఇప్పుడు మాటలాడువారు తక్కువ. కాని మీదుమిక్కిలి ప్రసిద్ధమైన వివాదమును తూచునప్పుడు దీనినికూడ తక్కెడలో నుంచవలసియున్నది.

రెండు జట్లును సమముగా నిలిచినందున ముప్పది నిమిషముల అదనపు ఆట నిర్ణయింపబడెను. ఇంగ్లండు శిక్షకుడగు ఆల్ఫ్ రామ్సే తన ఆటగాండ్ర కడకు పోయి, వారు నేలపై కూలబడకుండ నిలువవలెననెను. అలసిన సంగతి ఎదుటివారికి తెలియగూడదని అతని భావము. మీరొకసారి గెలిచితిరి, ఇప్పుడు మరల గెలువుడని అతడు చెప్పినమాట ఇంగ్లండున సామెతవలె నిలిచిపోయినది.

అదనపు ఆట మొదలై పదునొకండవ నిమిషము నడచుచుండగా, జట్టులోకెల్ల చిన్నవాడైన అలన్ బాల్ కుడివైపునుండి బంతిని మధ్యకు పంపెను. హర్స్ట్ దానిని ఆపి, వెనుదిరిగి, వెల్లకిల పడుచునే బలముగా తన్నెను. జర్మను గోలుకీపరు తిల్కోవ్‌స్కీ తలపైనుండి పోయిన బంతి అడ్డకొయ్య అడుగుభాగమునకు తగిలి, నిలువునా క్రిందికి దిగి, నేలను తాకి, మైదానములోనికి పైకెగసెను. వెనువెంటనే వేబర్ దానిని తలతో కొట్టి అడ్డకొయ్య మీదుగా వెలుపలికి పంపివేసెను. ఇదంతయు ఒకటి రెండు క్షణములలో ముగిసెను. బంతి నేలను తాకిన చోటేది? గీతకు లోపలనా, గీతమీదనా? వివాదమంతయు ఈ జానెడు చోటును గూర్చియే.

ఇచ్చట ఆట నిబంధనను కొంచెము వివరించుట అవసరము. గోలు స్తంభముల మధ్య నేలపై నొక తెల్లని గీత గీయబడియుండును. దాని వెడల్పు అయిదంగుళములకు, అనగా సుమారు 12 సెంటీమీటర్లకు మించరాదు. బంతి చుట్టుకొలత 70 సెంటీమీటర్లకు మించదు గనుక దాని వ్యాసము సుమారు 22 సెంటీమీటర్లు. బంతి యంతయు, గీత యంతటిని దాటిననే గోలు. బంతిలో ముప్పాతిక భాగము దాటినను చాలదు. బంతి నేలను తాకు బిందువు గీతకు ఆవలనున్నను, పైనుండి చూచినప్పుడు బంతి ఉబ్బు వెంట్రుకవాసియైనను గీతమీద నున్నచో అది గోలు కాదు. గాలిలోనే బంతి పూర్తిగా దాటి, వెనుకకు తిరిగివచ్చి గీతమీద పడినచో మాత్రము గోలే. ఈ నిబంధనను ఎరుగకయే వాదమునకు దిగువారు నేటికిని కొల్లలు.

రిఫరీ గాట్‌ఫ్రీడ్ డీన్‌స్ట్ స్విట్జర్లండు దేశస్థుడు. తాను నిలిచిన చోటునుండి అతనికి సంగతి నిశ్చయముగా తెలియలేదు. తెలియనప్పుడు తెలిసినట్లు నటింపక, అతడు మైదానపు అంచునకు పరుగెత్తి లైన్స్‌మన్‌ను సంప్రదించెను. ఆ లైన్స్‌మన్ పేరు తోఫిక్ బహ్రామొవ్. వారిరువురికిని ఉమ్మడి భాష లేదు. బహ్రామొవ్ తల యూపి, చేతితో మైదాన మధ్యమును చూపెను. గోలు ఇయ్యబడెను. లక్షమంది కూర్చున్న చోట, కోట్లమంది టెలివిజనులో చూచుచుండగా, ప్రపంచ కప్పు భవితవ్యమును భాష కలియని యిద్దరు మనుష్యులు సైగలతో తేల్చిరి.

జర్మనులు చుట్టుముట్టి మొరపెట్టుకొనిరి, ఫలితము లేకపోయెను. తరువాత వారు సమము చేయుటకై అందరును ముందుకు దుమికిరి. చివరి నిమిషమున బంతి మూర్‌కు చిక్కెను. అతడు దానిని దూరముగా హర్స్ట్‌కు పంపగా, కాపలా లేని మైదానార్ధమున హర్స్ట్ ఒంటరిగా పరుగెత్తి నాలుగవ గోలు చేసెను. ఆ బంతిని గ్యాలరీలోనికి తన్ని కాలయాపన చేయుటయే తన యుద్దేశమని అతడే పిమ్మట నవ్వుచు చెప్పెను. అప్పటికే ఆట ముగిసెననుకొని కొందరు ప్రేక్షకులు మైదానములోనికి వచ్చియుండిరి. దీనినికూడ ఆక్షేపించువారు కలరు. ఇంగ్లండు నాలుగు, పశ్చిమ జర్మనీ రెండు. రాణి ఎలిజబెత్ చేతినుండి కప్పు నందుకొనుటకు పోవుచు, ఆమె తెల్లని చేతితొడుగులు మాయకుండుటకై మూర్ తన మట్టిచేతులను తుడుచుకొనెను.

నాటినుండి వాదము మొదలయ్యెను. ఇంగ్లండు అభిమానులు ముఖ్యముగా చెప్పునది రోజర్ హంట్ నడవడి. బంతి నేలను తాకినప్పుడు దానికి మిక్కిలి సమీపముననున్న ఇంగ్లండు ఆటగాడు అతడే. అతడు పోయి బంతిని లోనికి నెట్టక, గోలయినదని చేతులెత్తి వెనుకకు తిరిగెను. సందేహమేయున్నచో గోలు చేయుటయే పనిగాగల ఆటగాడు అట్లు ఊరకుండునా యని వారి ప్రశ్న. వాదము బలమైనదే. కాని జర్మనులకు దీనికి సమాధానము లేకపోలేదు. బంతి పైకెగసి వేబర్ వైపు పోయినది. హంట్ పరుగెత్తినను దానిని అందుకొనగలవాడు కాడు. అందరాని బంతిని విడిచి సంతోషించుట సాక్ష్యము కానేరదు. పైగా, బంతి తాకినచోట సున్నపుపొడి లేచుటను చూచితిమని జర్మనులలో కొందరు చెప్పిరి. పొడి లేచినది నిజమేయైనచో బంతి గీతమీద పడినదన్నమాట. హంట్ తన జీవితాంతము గోలనియే నమ్మెను. తిల్కోవ్‌స్కీ తన జీవితాంతము కాదనియే చెప్పెను. ఇద్దరును ఎదురెదురుగా నిలిచి చూచినవారే, ఇద్దరిలో నెవరును అబద్ధమాడువారు కారు. కన్ను చూచినదానిలో మనస్సు కోరినది ఎంతపాలు కలియునో చెప్పుట కష్టము.

ఇక జర్మను అభిమానులలో కొందరు లైన్స్‌మన్ నిజాయితీనే శంకించిరి. అదే పోటీలలో అయిదు దినములకు ముందు పశ్చిమ జర్మనీ సోవియటు యూనియనును ఓడించియుండెను. బహ్రామొవ్ సోవియటు పౌరుడు. కావున పగ తీర్చుకొనెనని వారి నింద. ఈ నిందకు ఏ యాధారమును లేదు. ఓడిన దేశమున పుట్టుటయే నేరమైనచో తీర్పు చెప్పుటకు ఈ భూమిమీద ఎవ్వరును మిగులరు. గెలిచిన ఇంగ్లండువారు మాత్రము అతనిని సరిగా గౌరవించిరా? వారతనిని దశాబ్దములపాటు రష్యను లైన్స్‌మన్ అని పిలిచిరి. అతడు రష్యనుడు కాడు. కాస్పియను సముద్రతీరమునగల బాకూ నగరమున 1925లో జన్మించిన అజర్‌బైజాను దేశీయుడు. ఉత్తరాదికి పోయిన తెలుగువారు తాము మదరాసీలము కామని చెప్పి చెప్పి విసిగిన వృత్తాంతము నెరిగినవారికి ఈ బాధ సులభముగా అర్థమగును. బహ్రామొవ్ 1993లో మరణించెను. అతని దేశమువారు బాకూలోని పెద్ద క్రీడామందిరమునకు అతని పేరు పెట్టిరి. 2004లో అతని విగ్రహమును నెలకొల్పిరి. ఆ యుత్సవమునకు హర్స్ట్ స్వయముగా వెళ్లెను. వెళ్లకుండుట ఎట్లు!

అయితే బహ్రామొవ్ నిజాయితీపరుడనుట వేరు, అతని తీర్పు సరియైనదనుట వేరు. బంతి అడ్డకొయ్యనుండి గాక లోపలి వలనుండి తిరిగివచ్చినదని తాను తలచినట్లు అతడు తన జ్ఞాపకములలో వ్రాసెను. చలనచిత్రమును చూచినవారికెల్లరకు అది పొరపాటని తెలియుచున్నది. లైన్స్‌మన్ గోలుగీతకు సూటిగా నిలిచియుండడు. ఆటగాండ్రతోపాటు అంచున కదలుచు, ఏటవాలుగా చూచుచుండును. ఏటవాలు చూపునకు గాలిలోని వస్తువు ఉన్నచోటనే యున్నట్లు తోపదు. కెమేరాకును ఇదే దోషము. అంతేగాక పాత చలనచిత్రమున నొక బొమ్మకును మరియొక బొమ్మకును నడుమ వేగముగా పోవు బంతి చాల దూరము పోవును. కావలసిన క్షణము ఏ బొమ్మలోను చిక్కకపోవచ్చును.

1990ల దశాబ్దమున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ పండితులగు ఇయాన్ రీడ్, ఆండ్రూ జిస్సర్మన్ అనువారు ఈ సమస్యను గణితముతో పరిష్కరింప బూనిరి. వేర్వేరు చోట్లనుండి తీసిన చిత్రములను పోల్చి, మైదానపు గీతల కొలతలనుబట్టి బంతి స్థానమును లెక్కించిరి. బంతి పూర్తిగా దాటుటకు కనీసము 6 సెంటీమీటర్లు కొరతపడినదని వారు తేల్చిరి. ఆ పండితులు ఇంగ్లండు విశ్వవిద్యాలయమువారు. తమకు అనుకూలము కాని మాట చెప్పుటకు వెనుదీయలేదు. ఇక వాదము ముగిసినదనుకొనువారికి 2016లో మరల ఆశాభంగము కలిగెను. స్కై స్పోర్ట్స్ అను బ్రిటిషు టెలివిజనువారు కంప్యూటరుతో ఆ సన్నివేశమును తిరిగి నిర్మించి, బంతి గీతను దాటినదనియే ప్రకటించిరి. ఈ రెండింటిలో విశ్వవిద్యాలయపు లెక్కయే ఎక్కువ నమ్మదగినదిగా తోచుచున్నది. ఏలయన వినోదమునకై చేసిన పునర్నిర్మాణము వేరు, తప్పు జరుగుటకుగల అవకాశమునుకూడ లెక్కించి చేసిన పరిశోధన వేరు.

గోలు గోలు కాదనియే యనుకొందము. అంతమాత్రమున ఇంగ్లండు విజయము అనర్హమగునా? అభిమానులు తడబడునది ఈ చోటనే. బంతి గీతను దాటినదా యనునది కొలతకు లొంగు ప్రశ్న. ఏ జట్టు గెలువదగినది యనునది కొలతకు లొంగదు. జర్మనులు చెప్పునదేమన, మూడవ గోలు లేనిచో తాము అందరును ముందుకు పోయియుండరు. పోనిచో నాలుగవ గోలును పడియుండదు. ఆట రెండు రెండుగా ముగిసి, నాటికి పెనాల్టీ కిక్కులతో తేల్చు పద్ధతి లేదు గనుక మరియొక దినమున మరల ఆడవలసియుండును. ఇది న్యాయమైన తర్కము. దీనికి ఇంగ్లండువారి ప్రత్యుత్తరము ఇట్లుండును. తప్పులను తీసివేయ మొదలిడినచో అంతటితో ఆగనేల? 89వ నిమిషపు ఫ్రీ కిక్కును తీసివేయుడు. అప్పుడు అదనపు ఆటయే లేదు, రెండు ఒకటిగా మేమే గెలిచితిమి. ఇదియు తర్కమే. కాని చేనేత బట్టలో ఇష్టములేని నూలుపోగును లాగినచో తక్కిన పోగులు ఉన్నచోట నుండవు. ఒక గోలు లేకున్నచో ఆ పిమ్మటి ఆట ఎట్లు నడచునో చెప్పగలవారు లేరు. కనుకనే ఆట నిబంధనలు, జరిగిన సంగతులను గూర్చి రిఫరీ తీర్పే అంతిమమని శాసించినవి. అది రిఫరీ తప్పు చేయడని కాదు. ఏదో యొకచోట ఆట ముగియవలెను గనుక.

అదనపు సమయమున ఇంగ్లండువారే ఎక్కువ చురుకుగా ఆడిరి. బాల్ పరుగు చూచి జర్మను ఆటగాడైన ష్నెల్లింగర్ డస్సిపోయెను. ఆ గోలు ఇయ్యకపోయినను ఇంగ్లండు గెలిచియుండవచ్చును, గెలువకపోవచ్చును. పొందిన గోలు సందేహాస్పదము, పొందిన విజయము దొంగసొత్తు కాదు. జర్మను భాషలో మాత్రము అడ్డకొయ్యకు తగిలి గీతమీద పడి సందేహము కలిగించు గోలునకెల్ల వెంబ్లీ గోలు అనియే పేరు స్థిరపడినది. ఒక జాతి మనస్సున తగిలిన గాయము నిఘంటువులోనికి ఎక్కుట అరుదైన విషయము.

1970లో మెక్సికోలోని లియోను నగరమున పశ్చిమ జర్మనీ ఇంగ్లండును మూడు రెండుగా ఓడించెను. అది ఒక విధమైన బదులు. అసలైన బదులు తీరుటకు నలువదినాలుగు సంవత్సరములు పట్టెను. 2010 జూన్ 27న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీనున ఇవే రెండు దేశములు ప్రపంచ కప్పు పోటీలో తలపడెను. జర్మనీ రెండు, ఇంగ్లండు ఒకటిగా ఉన్నప్పుడు ఇంగ్లండు ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి అడ్డకొయ్య అడుగుభాగమునకు తగిలి క్రిందికి దిగెను. ఈసారి సందేహమునకు తావులేదు. బంతి గీతకు ఆవల స్పష్టముగా పడినది. గ్యాలరీలలోనివారు చూచిరి, టెలివిజనులో లోకము చూచెను. రిఫరీయు, అతని సహాయకుడును మాత్రము చూడలేదు. గోలు ఇయ్యబడలేదు. ఇంగ్లండు ఒకటికి నాలుగుగా ఓడిపోయెను. ఆ గోలు ఇచ్చినచో తామే గెలిచియుందుమని ఇంగ్లండు అభిమానులు వాపోయిరి. 1966లో జర్మనులు పలికిన మాటలనే వారిప్పుడు పలుకుచుండిరి. నాడు రిఫరీ తీర్పే అంతిమమన్న నోళ్లే నేడు యంత్రములు కావలెనని కోరెను.

ప్రపంచ ఫుట్‌బాలు సంఘపు అధ్యక్షుడు ఇంగ్లండువారికి క్షమాపణ చెప్పెను. 2012 జూలైలో, గోలుగీతను కనిపెట్టు యంత్రముల వాడుకకు నిబంధనలను రూపొందించు మండలి అనుమతి నిచ్చెను. 2014లో బ్రెజిలున జరిగిన ప్రపంచ కప్పులో ఒక్కొక్క గోలునకు ఏడు చొప్పున పదునాలుగు కెమేరాలు అమర్చబడెను. బంతి పూర్తిగా దాటిన తోడనే రిఫరీ చేతి గడియారము అదరి, గోలని తెలుపును. బహ్రామొవ్ తల యూపినంతసేపు కూడ పట్టదు. ఆ పోటీలలో ఫ్రాన్సు, హోండూరాసు ఆడుచుండగా ఆ యంత్రము తొలిసారి పనికివచ్చెను. యంత్రము చూపిన బొమ్మను నమ్మనివారు ఆనాడును కొందరు కేకలు వేయకపోలేదు.

1966 నాటి బంతి సంగతి మిగిలినది. నారింజరంగు తోలుతో చేసిన ఆ బంతిని, మూడు గోలులు చేసిన ఆటగానికి ఇచ్చుట ఇంగ్లండువారి ఆచారము. కావున అది హర్స్ట్‌కు చెందవలెను. గెలిచినవారికి కప్పు, ఓడినవారికి బంతి యనుట తమ ఆచారమని జర్మనులందురు. ఆట ముగియగనే హాలర్ దానిని చంకన బెట్టుకొని పోయి, తన కుమారునికి పుట్టినదినపు కానుకగా ఇచ్చెను. ముప్పది సంవత్సరములు అది జర్మనీలోనే యుండెను. 1996లో ఇంగ్లండు పత్రికలు పూనుకొని దానిని తిరిగి తెప్పించినవి. ఇప్పుడది మాంచెస్టరు నగరములోని జాతీయ ఫుట్‌బాలు ప్రదర్శనశాలలో అద్దపు పెట్టెలో నున్నది. చూడవచ్చినవారు దాని చుట్టును తిరిగి, వంగి, సున్నపు మరక ఏదైన కనబడునేమోయని వెదకుదురు.